ఒక్క చలికాలంలో చదవగలిగినంత

ఆఫీసులో శుక్రవారం కాఫీకి ఏలకుల బన్నులు చేసుకెళ్ళే వంతు ఈ వారం సహోద్యోగి మాట్స్‌ది. అయినా పిండి పిసుకుతున్నది ఇల్వా. "నువ్వు చేస్తే ఆ రుచే వేరు, నా చేతికి ఆ పని రాదబ్బా" అని నిన్న ఆఫీసులో నవ్వేశాడు ఆ మహానుభావుడు. పిండి కలపడం రాని ఆ చేతికి కంప్యూటరులో రాని విద్య లేదు మరి! లోపల మండినా సరేనంది. పాడు అలవాటు.

చేతులు పిండిలో ఉన్నా ధ్యాసంతా మధ్యాహ్నం సమావేశం మీదే. ఎన్నాళ్ళుగానో ఆమె మనసులో ఒక బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటరులో అన్నిటి కిందా ఉండి నడిపించేది, పెరుగుతోంది. అమ్మకానికి కాదు, తాము పనిచేసే యూనివర్సిటీలో పాఠానికీ పరిశోధనకీ. విద్యార్థి నవంబరులో మొదలుపెడితే మంచు కరిగేలోగా కోడు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివి, విప్పి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసుకోగలిగినంత చిన్నది. మెమరీ, ఏ ప్రోగ్రాముకి ఎప్పుడు వంతివ్వాలో చూసే భాగం, ఫైళ్ళు, టైపు చేసుకోవడానికో తెర. అంతే, ఇంకే హంగూ లేదు. భర్త తోర్బ్యోర్న్‌కి చెప్తే, "ఇంత చిన్నదాన్ని ఎవరు వాడతారు?" అన్నాడు. "వాడ్డానికి కాదు, అర్థం చేసుకోడానికి" అంటే, "సర్లే గానీ, పిల్లల స్కీ బూట్లు ఎక్కడున్నాయి?" అన్నాడు. "మా ఇంట్లో అన్ని పనులూ సగం సగం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. చెప్తే చేస్తాడు, కాదనకూడదు. "మావాడు గిన్నెలు కూడా కడుగుతాడు, నీ అదృష్టం అమ్మాయ్!" అంటుంది అత్తగారు గున్నెల్. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో రోజంతా బుర్రలో మోసే పని మాత్రం ఆ సగాల్లో ఎవరి లెక్కలోకీ రాదు. ఎవరి కంటా పడకుండా అన్నిటి కిందా నడిచే పని ఎట్లా ఉంటుందో ఇల్వాకి ఏ పుస్తకమూ నేర్పక్కర్లేదు.

సమావేశంలో ఇల్వా తన ఆలోచన చెప్పగానే మాట్స్ ఆకాశానికి నిచ్చెనలు వేశాడు. రంగురంగుల తెరలు, ఫోన్లు, నెట్‌వర్కు, ఇంకా ఏవేవో. "ఇన్నుంటే నేను ఎక్కణ్ణించి చదవడం మొదలుపెట్టాలి?" అంది పరిశోధక విద్యార్థిని తూవా. ఎవరూ పట్టించుకోలేదు. శాఖాధిపతి రోలాండ్ చేతులు రుద్దుకుని, "బావుంది. దీన్ని మాట్స్ నడిపిస్తాడు. ఇల్వా అందరినీ కలుపుకుపోతుంది, తనకది బాగా వచ్చు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. సొమ్మొకడిది, సోకొకడిది! వాళ్ళ దేశంలో మొహం మీద కాదనరు, "ఆలోచిద్దాం" అంటారు. ఇల్వా కూడా ఇన్నేళ్ళూ అదే అంటూ వచ్చింది. ఈసారి అదే అంటే, వసంతం వచ్చేసరికి తన బుల్లి సిస్టమ్ ఎవరూ చదవలేని మరో కొండ అయిపోతుంది.

"కుదరదు" అంది. "కలుపుకుపోయే పని నాకొద్దు. ఈ ఆలోచన నాది, నేనే నడుపుతాను."

మాట్స్ నొచ్చుకున్నాడు. "అయ్యో, నీ మీద భారం పడకూడదనే కదా!"

"భారం నాకు కొత్త కాదు మాట్స్. పేరు నాకు రావాలని అడగడమే కొత్త." తన గొంతు వింటే తనకే ముచ్చటేసింది. ఎంత హాయిగా ఉంది ఇట్లా మాట్లాడ్డం! "నీ రంగుల తెర తెచ్చుకో, కాదనను. ముందు తూవా దాన్ని పూర్తిగా చదివి, అర్థమైందనాలి."

తూవా సంతోషం దాచుకోలేక కిటికీ వైపు తిరిగింది. రోలాండ్ కళ్ళజోడు తీసి, ఇల్వాను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అయితే ఇందులో ఏది ఉండాలి, ఏది వద్దు అనే చివరిమాట ఎవరిది?" అన్నాడు.

"నాది" అంది ఇల్వా.