తెల్లబట్టల తరువాత

ఘానాలోని కుమాసీ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అక్క గౌను చెల్లికి దిగుతుంది. కుట్టుపని చేసే పోకువా ఇంట్లో మాత్రం చెల్లి గౌను అక్కకు ఎక్కింది. బడి తెరిచే ముందు మనవరాళ్ళిద్దరికీ టేపు పెట్టిన ఆవిడకు ఆ కొలతలోనే కలత పుట్టింది. పదమూడేళ్ళ అక్క సెర్వా, పదేళ్ళ చెల్లి ఆఫ్రియే చెవిదాకా కూడా రాలేదు.

"అక్కా, నా పాత గౌను నీకు కొత్తగా ఉందే!" కిసుక్కున నవ్వింది ఆఫ్రియే.

"నీ కాళ్ళకంటే నాలుకే పొడుగు," అంటూ సెర్వా నీరసంగా బల్ల మీద కూలబడింది.

పోకువాకు ఆరేళ్ళ సెర్వా గుర్తొచ్చింది. ఫుఫు ముద్ద కోసం ఉడికిన దుంపలు దంచే చప్పుడు వినబడితే చాలు, వీధి చివరినుంచి లేడిలా వచ్చి రోటి ముందు వాలేది! గౌను అంచు విప్పి దింపలేక, "నీకు కుట్టేకంటే కొబ్బరిచెట్టుకు కుట్టడం నయమే," అని విసుక్కునేది తను. ఆ విసుగు ఎంత తియ్యనిదో ఇప్పుడు తెలుస్తోంది.

ఏడో ఏట పిల్ల తలలో గడ్డ లేచింది. ఆస్పత్రిలో కోసి తీశారు, తలకు రేడియేషన్ కిరణాలు పెట్టారు. బతికింది! ఇంటిల్లిపాదీ అక్కడి ఆచారం ప్రకారం గెలుపు గుర్తుగా తెల్లబట్టలు కట్టి, మెడలకు తెల్లపొడి పూసుకుని, చర్చిలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, వచ్చినవాళ్ళందరికీ విందు పెట్టారు.

"డాక్టర్లు ఏటా చూపించమన్నారు కదమ్మా?" అని పిల్ల తల్లి, తన కూతురు, అడిగితే పోకువాయే గదమాయించింది. "దేవుడికి దండం పెట్టేశాక మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కితే, పోయిన రోగాన్ని పేరుపెట్టి పిలిచినట్టే!"

ఈసారి తనే మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ గడప తొక్కింది. పరీక్షలయ్యాక డాక్టర్ అడొమాకో చెప్పింది.

"గడ్డ తిరిగి రాలేదమ్మా. కానీ గడ్డను చంపిన కిరణాలే, ఎదుగుదల హార్మోన్ల పని చూసే మెదడు కణాలను ఏళ్ళ తరబడి మెల్లగా దెబ్బతీశాయి. నీరసం కూడా అందుకే."

ఆనాడు తెల్లబట్టల్లో వెలిగిన పోకువా ముఖం ఇప్పుడు తెల్లబోయింది. "అయితే కిరణాలు పెట్టించడమే తప్పా?"

"పెట్టించకపోతే కొలవడానికి పిల్లే ఉండేది కాదు. రావడం మానేశారే, అదే తప్పు."

"నేను పెరుగుతానా?" సెర్వా ముందుకు వంగి అడిగింది.

"ఎముకల్లో ఎదగడానికి ఇంకా చోటుంది. ఎంతన్నది చెప్పలేను. మందు మాత్రం వెంటనే మొదలుపెడదాం."

బయట బల్లల మీద, గుండు చేసిన పిల్లలను ఒళ్ళో పెట్టుకుని తల్లులు కూర్చున్నారు. పోకువా వాళ్ళ ముందు నిలబడి గొంతెత్తింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "గొంతు తగ్గించండమ్మా!"

"రోగం తగ్గిందని ఊరుకుంటే పిల్ల పొడుగు తగ్గింది. ఇక గొంతు తగ్గించను!" అని పోకువా తల్లులవైపు తిరిగింది. "అమ్మల్లారా, బిడ్డ బతికితే పండగ చేసుకోండి. కానీ తలకు కిరణాలు పెట్టించిన బిడ్డను, ఎంత బాగున్నా సరే, ఏటా తెచ్చి చూపించండి. బతికించుకుంటే సరిపోదు, ఎదగనివ్వాలి!"