పిట్టకు పెట్టిన బువ్వ

సాయవ్వకు కాలు ఒక్కకాడ నిలుస్తలేదు. ఉతికిన బట్టలే మళ్ళ ఉతికింది. ఆరిన దుప్పట్లు మళ్ళ దులిపింది. నస్పూర్‌ల అనాథ పిల్లల ఇంటి వెనక దండెం మీద చిన్న లాగులు, గౌన్లు ఆరేసి, బొగ్గు దుమ్ము వాలుతున్నదని తిట్టుకుంట అన్నీ గుంజి మళ్ళ బకెట్ల వేసింది. వంటామె చూసి, ఏందక్కా దయ్యం గిట్ట పట్టిందా అన్నది. దయ్యం కాదు. పోరడు పోయిండు.

పోరని పేరు కొమురెల్లి. ఆరో ఏడు నడుస్తున్నది. ధర్మపురి దిక్కు కూలోళ్ళ పిల్లగాడు. తల్లి జరమొచ్చి పోయింది. ఆ ఏడు తిరగకముందే తండ్రి పురుగుల మందు తాగిండు. మేనమామలు ఒకరి మొఖం ఒకరు చూసుకొని, పిల్లగాన్ని ఆఫీసోళ్ళకు అప్పజెప్పి బస్సెక్కిండ్రు. వాళ్ళను తిట్టి లాభం లేదు, వాళ్ళ ఇండ్లల్లనే పొయ్యి ఒక పూట మండితె ఒక పూట మండది.

పిల్లల ఇంట్ల సాయవ్వ ఆయమ్మ. పెనిమిటి మైసయ్య శ్రీరాంపూర్ బొగ్గు బాయిల పని చేసెటోడు. ఆయన పోయినంక క్వార్టర్ కాళీ జేసి వచ్చి ఇక్కడ చేరింది. కడుపున పుట్టినోళ్ళు లేరు. కొమురెల్లిని తెచ్చిన నాడు మొదటి తానం ఆమెనే పోసింది. సబ్బు చెయ్యి నడుముకు తగలంగనే పోరడు రెండు చేతులతోని మొలతాడు గట్టిగ పట్టుకున్నడు.

"తెంపకు. గిది తెగితె అవ్వ సస్తది."

సాయవ్వకు ఒక్క గడియ అర్థం కాలే. అయినంక సబ్బు చెయ్యి వెనకకు తీసుకున్నది. భార్య పోతె మొగని మొలతాడు తెంపుతరు, మన దిక్కు రివాజు. గోదావరి ఒడ్డున తండ్రి నడుముకున్న నల్లదారం కొడవలితోని కోస్తుంటె పోరడు పక్కనే నిలవడి చూసిండు. తల్లి చచ్చినందుకు దారం తెంపిండ్రని ఎవరు చెప్పాలె నాలుగేండ్లోనికి? దారం తెగింది, అవ్వ లేదు. వానికి తెలిసిన లెక్క గంతే.

తెంప కొడుకా అన్నది సాయవ్వ. అన్న మాట తప్పలే. దారం పాతదయినప్పుడల్ల, కొత్తది కట్టి ముడేసినంకనే పాతది తీసేది. వాడు కిందికి వంగి, కొత్తది నడుముకు ఉన్నదా లేదా అని చేత్తోని తడిమి చూసుకున్నంకనే కత్తెర పెట్టనిచ్చెటోడు. ఇల్లు నడిపే స్టీఫెన్ సారు ఒకనాడు చూసి, మూడు తరాల నుంచి చర్చికి వచ్చేదానివి, నీకెందుకు గీ తాళ్ళు తాయెత్తులు అని కసిరిండు. ఏసయ్య గుండెల ఉంటడు సారు, మొలతాడు నడుముకు ఉంటది, ఇద్దరికి పంచాయితి ఏమున్నది అన్నది. సారు నవ్వుకుంట పోయిండు.

పోరడు ఆమెను, తల్లిని పిలిచినట్టు, అవ్వా అనుడు ఎప్పుడు మొదలుపెట్టిండో ఎవరికీ యాది లేదు. ఇంట్ల మిగిలిన పిల్లలు ఆయమ్మా అంటరు.

ఇగ దత్తత సంగతి. మనోళ్ళు రాలేదా అంటె, వచ్చిండ్రు. కార్లేసుకొని కరీంనగర్ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిండ్రు. పసిగుడ్డు కావాలె. తెల్లగుండాలె. పుట్టుక ఏందో, కులమేందో చెవుల చెప్పాలె. ఐదేండ్ల నల్ల పోరన్ని చూసి, వీనికి అన్నీ యాదుంటయి కదా అని ముక్కు విరిచిండ్రు. యాదుండుడు కూడ ఒక రోగమన్నట్టు. సాయవ్వ ఒక్కసారి ధైర్యం జేసి, నాకే ఇయ్యరాదా సారూ అన్నది. నీ వయసు దాటింది సాయవ్వా, సర్కారు కాయిదా ఒప్పుకోదు అన్నడు స్టీఫెన్. మంచిది. వానికి తానం పోయనీకి వయసున్నది, జరమొస్తె పక్కల కూసోనీకి వయసున్నది, అవ్వ అనిపించుకోనీకి లేదు. గిన్ని కోట్లమందిల ఒక్కని ఒడి కాళీ లేదా అని అడుగుతరు పెద్దమనుషులు. ఉన్నది. కాయిదాల పట్టే ఒడి లేదు.

అట్ల మాల్టా నుంచి రీటా, ఆమె పెనిమిటి పాల్ వచ్చిండ్రు. అదొక దేశమట, సముద్రం నడుమ. మన జిల్ల అంతగూడ ఉండదట. ఏండ్ల కొద్ది తిరిగిండ్రట ఒక పిల్లగాని కోసం. రీటా మొదటి రోజే కింద కూసొని, వాని చెప్పుల పట్టీ సర్ది, కోమూ అని పిలిచింది. పేరు సగం కొరికి మింగినట్టు పిలుస్తున్నదేందని సాయవ్వకు మండింది. గని ఆమె చెయ్యి చూసింది. పట్టీ గట్టిగ లాగకుంట, మడమకు తగుల్తదేమోనని వేలు అడ్డం పెట్టి బిగించింది. అది చూసి ఇగ తిట్టబుద్ది కాలే.

అప్పజెప్పే రోజు స్టీఫెన్ సారు ఆమెను పక్కకు పిలిచి, నువ్వు కండ్ల ముంగట ఉంటె పిల్లగాడు వాళ్ళకు అలవాటు కాడు, పాస్‌పోర్టు చేతికొచ్చేదాక మంచిర్యాల లాడ్జిల ఉంటరు, అటు దిక్కు రావద్దు అన్నడు. ఏడుపులు గిట్ట వద్దు, సప్పుడు చెయ్యకుంట తప్పుకో అన్నడు. సాయవ్వ పోరని దగ్గరికి పోయి, జర బజారుకు పోయొస్త కొడుకా అన్నది. నీళ్ళ ట్యాంకు వెనక నిలవడి, కారు పోయిన సప్పుడు విన్నంక బయటికొచ్చింది. పోయొస్త అన్న మనిషి పోలే, రాలే.

అప్పటి సంది కాలు నిలుస్తలేదు.

బ్లెస్సీ వచ్చింది. ఆమె పిల్లల ఇంట్ల సోషల్ వర్కరు, రీటా వాళ్ళకు తెలుగు ఇంగ్లీషు నడుమ నిలబడేది ఆమెనే. మొఖం వాడిపోయున్నది. మామూలుగ ఆఫీసుకు పోయేది, ఈసారి సీదా దండెం కాడికి వచ్చింది. తింటలేడు ఆయమ్మా అన్నది.

ఏడుస్తుండా అంటె ఏడుస్తలేడట. అదే భయమట. అన్నం పెడితె ముందుగాల ఒక ముద్ద జేసి కిటికీ గోడ మీద పెట్టి, బయటికి చూసుకుంట కూసుంటడట. అది పెట్టినకాడనే ఎండుతదట, వాడు మెతుకు ముట్టడట. ఆశ్రమాల పెరిగిన పిల్లలు తిండి దాస్తరని వాళ్ళకు వాళ్ళ దేశంల క్లాసులు చెప్పి పంపిండ్రట. అందుకని రీటా ఎక్కడపడితె అక్కడ బిస్కట్లు పెట్టి, దాసుడు అవసరం లేదు నాన్నా, ఎప్పుడు కావాలన్నా ఉంటయని చెప్పిందట. వాడు ఆ బిస్కట్లు తీసుకపోయి కిటికీలనే పెట్టిండట. రీటా బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తున్నదట. పాల్ అయితె, పిల్లగాడు మనల్ని వద్దంటుండు, గుంజుకపోనీకి మనమెవరం అంటుండట. రేపు పొద్దుగాల స్టీఫెన్ సారును పిలిచిండ్రట. వాపసు ఇచ్చిపోయేటట్టే ఉన్నరు అన్నది.

"ఎప్పటిసంది తింటలేడు?" సాయవ్వ అడిగింది.

బ్లెస్సీ యాది చేసుకున్నది. వచ్చిన రోజు సాయంత్రం బానే తిన్నడు. తెల్లారి తానం పోసిండ్రు. నడుముకు ఆ దారం ఒరుసుకొని పుండు అయితున్నదని రీటా కత్తెరతోని కోసేసి మందు రాసింది. అప్పటిసంది.

సాయవ్వ చేతుల తడి లాగు నీళ్ళు కార్చుకుంట అట్లనే ఉన్నది.

దారం తెగింది. అవ్వ లేదు. బజారుకు పోయింది రాలే. వాడు బువ్వ దాస్తలేడు. పిట్టకు పెడుతుండు. మనిషి పోయిన మూడో దినం కాకి వచ్చి ముట్టాలని బువ్వ పెడతరే, గది. తల్లికి తండ్రి పెట్టంగ చూసిండు, ఇప్పుడు సాయవ్వకు పెడుతుండు. ఆమె ఇక్కడ నిలవడి లాగులు పిండుతుంటె, అక్కడ లాడ్జి కిటికీల ఆమె దినం అయితున్నది.

బ్లెస్సీకి చెప్పలే. ఏమో బిడ్డా అన్నది. ఆ పిల్ల పోయింది.

ఎందుకు చెప్పలేదంటె, చెప్పుడెందుకు? చెప్పకపోతె ఏమైతది? రేపు సారు పోతడు, ఎల్లుండి పోరడు ఇంట్ల ఉంటడు. ఆమెను చూస్తడు, తింటడు. కాయిదాలు ఇయ్యనన్న పోరన్ని వాళ్ళంతల వాళ్ళే ఇచ్చిపోతరు. ఆమె దొంగతనం చేసేది లేదు, అబద్ధం ఆడేది లేదు, ఊకె నోరు మూసుకుంటె చాలు. సాయవ్వ లోపలికి పోయి, తన మంచం పక్కన వాని సాప పరిచింది. దుప్పటి మడతపెట్టి దాని మీద పెట్టింది. బయటికొచ్చింది. మళ్ళ లోపటికి పోయి దుప్పటి సర్దింది. పద్దెనిమిదేండ్లు నిండితె ఈ ఇంట్లకెల్లి కూడ బయటికి పంపుతరు, అప్పటికి నువ్వుంటవా ముసలిదానా అని లోపల ఎవరో అడుగుతుండ్రు. అప్పటి సంగతి అప్పుడు అని వాళ్ళ నోరు మూసింది.

పగటి బువ్వకు పిల్లలందరిని వరుసగ కూసోబెట్టి వడ్డిస్తుంటె, ప్రహరీ మీద ఒక కాకి వాలింది. ఎప్పుడూ వాలేదే. సాయవ్వ చేతుల గంటె ఆగింది.

మైసయ్య మూడో దినం యాదికొచ్చింది. చర్చి పద్ధతిల మట్టి జేసినా, పిట్టకు పెట్టంది వాడకట్టు ఊకోలే. ఆ రోజు పిట్ట రాలే. ఎండల నిలవడి ఒక్కొక్కలు మొక్కుకున్నరు, నీ బాకీ తీరుస్తం, నీ తమ్ముని పెండ్లి జేస్తం, దేనిమీద మనసు పెట్టుకున్నవే మైసయ్యా అని. పిట్ట ముట్టకపోతె పోయినోళ్ళకు ఏదో కోరిక మిగిలినట్టు. సాయవ్వ ఆనాడు పైకి చూసుకుంటనే ఉన్నది, నేనేం తక్కువ జేసిన అని. ముప్పయేండ్లు సంసారం చేసిన ఆడిదానికే గా భయం పుట్టింది. ఇగ వాడు? ఆ కిటికీ కాడ కూసొని, కాకి రాక, ఆరేండ్ల పోరడు ఏమని మొక్కుకుంటుండు? నేనేం తప్పు జేసిననో అని ఎంతగనం తండ్లాడుతుండు?

గంటె వంటామె చేతుల పెట్టి, చెప్పులేసుకున్నది. పోతె ఉద్యోగం పోతదక్కా అని వంటామె వెనకనుంచి అంటనే ఉన్నది. గూట్ల ఉన్న నల్లదారం ఉండ కొంగుల ముడేసుకొని ఆటో ఎక్కింది.

లాడ్జిల తలుపు పాల్ తీసిండు. గడ్డం పెరిగున్నది. బ్లెస్సీ లోపలనే ఉన్నది, సాయవ్వను చూసి లేచి నిలవడ్డది, వద్దనలే. కొమురెల్లి కిటికీ కాడ కుర్చీల కూసున్నడు. తల తిప్పిండు. ఉరికి వస్తడనుకున్నది సాయవ్వ. రాలే. కుర్చీకి ఒత్తుకొని, ఆమె కాళ్ళ దిక్కు చూసిండు. దయ్యాలకు పాదాలు వెనకకు ఉంటయని ఈమెనే ఒకనాడు కథ చెప్పింది.

సాయవ్వ సీదా కిటికీ కాడికి పోయి, గోడ మీద ఎండిన ముద్ద తీసి నోట్లె పెట్టుకున్నది. నమిలింది. మింగింది.

పోరని నోరు తెరుసుకున్నది. "నువ్వు సావలేదా?"

"సచ్చినోళ్ళకు గింత సప్పటి బువ్వ పెడతరార? ఉప్పన్న వెయ్యొద్దా?"

అప్పుడు దుంకిండు. కావలిచ్చుకునుడు కాదు, పిడికిళ్ళతోని గుద్దిండు, పొట్టల, తొడల మీద, దొరికినకాడ. బజారుకు పోయొస్తనన్నవు, పోయొస్తనన్నవు అని ఒక్కటే మాట. అబద్ధం చెప్పిన కొడుకా అన్నది సాయవ్వ. కొట్టనిచ్చింది. రీటా ఆపబోతె బ్లెస్సీ చెయ్యి పట్టుకున్నది. వాడు అలిసి కింద కూలవడి, అప్పుడు ఏడ్సిండు, లాడ్జంత వినవడేటట్టు.

బ్లెస్సీకి అప్పుడు చెప్పింది సాయవ్వ, మొలతాడు సంగతి, పిట్ట సంగతి. బ్లెస్సీ వాళ్ళకు ఇంగ్లీషుల చెప్తుంటె పాల్ మంచం అంచుకు కూసున్నడు. రీటా కత్తెర పెట్టిన టేబుల్ దిక్కు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఆమె మంచికే కోసింది, పుండు అయితదని. ఎవరు కాదంటరు?

సాయవ్వ పోరన్ని ముంగట కూసోబెట్టుకున్నది. ఈసారి అబద్ధం లేదు.

"నువ్వు గీ అవ్వతోని, బాపుతోని ఇమానంల పోతవు. నేను రాను. నేను ఈడనే ఉంట. బతికే ఉంట."

వాడు రీటా దిక్కు చూసిండు, మొదటిసారి చూసినట్టు. గామె సస్తదా అని అడిగిండు. ఇప్పుడే సావదు అన్నది సాయవ్వ.

కొంగు ముడి ఇప్పి దారం ఉండ తీసింది. వాడు అలవాటుగ అంగి పైకెత్తి నిలవడ్డడు, ఆమె ముంగట. సాయవ్వ దారాన్ని రెండు పేటలు జేసి, వాని నడుముకు కొలిచి తెంపి, తీసుకపోయి రీటా చేతుల పెట్టింది.

"కట్టుమను," అన్నది బ్లెస్సీతోని.

రీటా మోకాళ్ళ మీద కూసున్నది. పుండు మీద తగలకుంట వేలు అడ్డం పెట్టి దారం తిప్పింది. వాడు కిందికి వంగి తడిమి చూసుకుంట, సాయవ్వను అడిగిండు, ఇప్పుడు తెగితె ఎవరు సస్తరని.

"ఎవ్వలు సావరు. దారం దారమే."

అన్నది గని, ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు. ఇన్నేండ్లు కొత్తది కట్టందే పాతది తియ్యని చేతులు ఆమెవి.

రీటా ముడేసింది. పుట్టినరోజు డబ్బాలకు రిబ్బన్ కట్టినట్టు, చెవులు పెట్టి, పువ్వు లెక్క. సాయవ్వ ఒక్క చూపుల చూసింది. అది నిలవది. వాడు రెండు గంతులు దుంకితె జారుతది. వేళ్ళు జివ్వుజివ్వుమన్నయి. రెండు అడుగులేసి పోయి ఇప్పి మళ్ళ ముడేస్తె అయిపోతది, అరనిమిషం పని. వాడు కూడ ఆమె దిక్కే చూస్తుండు, వచ్చి సరిజేస్తదని.

సాయవ్వ చేతులు రెండు కొంగుల చుట్టుకున్నది.

ప్లేటుల బువ్వ ఉన్నది. రీటా ఒక ముద్ద జేసింది, వంకరటింకర ముద్ద. వాడు కిటికీ దిక్కు ఒక్కసారి చూసి, నోరు తెరిచిండు.

తలుపు కాడ చెప్పులేసుకుంట, సాయవ్వ బ్లెస్సీని పిలిచింది. ఆ ముడి ఊడుతదని ఆమెకు చెప్పు బిడ్డా, ఊడితె ఫికర్ చెయ్యొద్దను, మళ్ళ కట్టుమను. ఎన్నిసార్లు ఊడితె అన్నిసార్లు కట్టుమను. కత్తెర మాత్రం ముట్టొద్దను.

మెట్లు దిగుతుంటె పైనుంచి పోరని గొంతు వినవడ్డది, ఉప్పు లేదని చెప్తున్నట్టున్నడు. సాయవ్వ ఆగలే. ఇంటికాడ పరిచిన సాప ఒకటి సుట్టేది ఉన్నది.