సిమ్ లేని నేను, గొంతు లేని టీచర్

నేను ఒక పాత ఫోన్‌ని. వెనక అద్దం పగిలింది. పక్కనున్న సౌండు బటన్ లోపలికి కూరుకుపోయింది. సిమ్ పెట్టే చోట దుమ్ము తప్ప ఏమీ లేదు. నాకంటూ ఒక నంబరు లేదు కాబట్టి నన్నెవరూ పిలవరు. అయినా ఈ జిల్లాలో నాకంటే ఎక్కువ లెక్కలు చెప్పిన ఫోన్ ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకోను.

నేను పుట్టింది తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో. తలకు తెల్లటి టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు బారుగా కూర్చుని నన్ను ముక్కముక్కగా తయారు చేశారు. నా కెమెరా బిగించిన అమ్మాయి, అది సరిగ్గా కూర్చుందో లేదోనని వంగి చూసింది. నేను చూసిన మొదటి మొహం ఆమెదే.

అక్కడి నుంచి అట్టపెట్టెలో హుస్నాబాద్ చేరాను. బైకుల షోరూములో పనిచేసే ఒక కుర్రాడు నన్ను కొన్నాడు. వాడు నాతో వాడి మొహమే ఫోటోలు తీసుకునేవాడు. పొద్దున ఒక క్రాపు, సాయంత్రం ఒక క్రాపు. లోకంలో ఇంకో మనిషి ఉన్నాడన్న సంగతే నేను మరిచిపోయాను. ఇంతకంటే మంచి కెమెరా ఉన్న ఫోన్ రాగానే వాడు నన్ను రిపేరు షాపులో ఇచ్చేశాడు. అక్కడి నుంచి కరెంటు సబ్‌స్టేషన్‌లో పనిచేసే సదానందం చేతికి వచ్చాను. ఆయన నిచ్చెన మీద నిలబడి క్రికెట్ స్కోరు చూస్తూ నన్ను జారవిడిచాడు. వెనక అద్దం పగిలింది అప్పుడే. తప్పు తనదే అయినా ఫోన్ గట్టిది కాదని నలుగురికీ చెప్పి, కొత్తది కొనుక్కుని, నన్ను టీవీ కింది సొరుగులో పడేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పటికి మొదలే కాలేదు.

సదానందం భార్య పుష్పలీల ఊళ్ళోని హైస్కూల్లో లెక్కల టీచర్. వాళ్ళ పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. ఆమె పదో తరగతి చదివిన ఏడాది బడిలో లెక్కల సారు సగం నుంచి లేడు. ఎలాగో గట్టెక్కింది గానీ ఆ ఏడాదిని మరిచిపోలేదు. అందుకే టీచరైన నాటి నుంచి చివరి బెంచీకి వినపడేలా గొంతు చించుకుని చెప్పింది. చెప్పాక "అర్థమైందా?" అని అడిగేది. "అర్థమైంది టీచర్" అని క్లాసంతా ఒక్కసారే రాగం తీసేది. ఆ రాగం విని ఆమె తృప్తిగా బోర్డు తుడిచేది.

నేను సొరుగులో ఉండగా ఒక డిసెంబరులో ఆమె గొంతు పూర్తిగా పోయింది. కరీంనగర్ డాక్టరు లైటు వేసి చూసి, నెల రోజులు మాట్లాడొద్దన్నాడు. గుసగుసగా కూడా వద్దు, అది ఇంకా చెడ్డదన్నాడు. మాట వినకపోతే గొంతు ఇక తిరిగి రాదన్నాడు.

హెడ్మాస్టరు జనార్దన్ సార్ మంచి మనిషి. "లీవు పెట్టుకోండి మేడమ్. సైన్సు సారుకు చెప్త, పిల్లల్ని కూసోబెడ్తడు" అన్నాడు.

ఆమె కాగితం మీద రాసి చూపించింది. "కూర్చోబెట్టడానికి సారు ఎందుకు? బెంచీలున్నాయి. నాకో వారం ఇవ్వండి."

"వారం ఇస్త. పిల్లలు ఆగమైతే మాత్రం లీవే. మల్ల నన్ను అనొద్దు."

మొదటిరోజు పదో తరగతి కోసం ఆమె తన కొత్త ఫోన్‌లో పాఠమంతా టైపు చేసి, దాన్ని పైకి చదివే ఏర్పాటు చేసింది. క్లాసు గోడకు ఉన్న పెద్ద తెరకు కలిపింది. ఫోన్ ఆడగొంతుతో చదవడం మొదలుపెట్టగానే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"టీచర్, గీమె బస్టాండ్‌ల బస్సులు పిలిచే ఆమె లెక్కుంది" అన్నది రవళి. రవళి క్లాస్ లీడర్. రాగం ముందుగా ఎత్తుకునేది ఆమే.

అదే సమయానికి పెద్ద తెర మీద సదానందం పంపిన మెసేజ్ వచ్చి కూర్చుంది: 'బెండకాయ తేవాల్నా, టమాట తేవాల్నా?'

"టమాట టీచర్" అన్నది క్లాసంతా ఒక్కసారే.

ఆ సాయంత్రం జరిగిందంతా ఆమె కాగితం మీద రాస్తే, చదివి సదానందం నవ్వి, సొరుగులోంచి నన్ను తీశాడు. "నీ ఫోన్‌కు నోరు ఎక్కువ. ఇది తీస్కపో. సిమ్ లేదు. ఎవ్వడు పిలువడు, ఎవ్వడు పంపడు."

మీరూ టీచరైతే ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మూలపడ్డ సిమ్ లేని ఫోనే తరగతికి అన్నింటికంటే మంచిది. ఆమె నాలోని పాత ఫోటోలు, ఆటలు అన్నీ తుడిచేసింది. స్కూలు వైఫైకి కలిపి, నా తెర పెద్ద తెర మీద కనపడేలా చేసింది. సైన్సు ల్యాబులో గాజుగొట్టాలు పట్టే ఇనుప స్టాండుకు నన్ను బోర్లా బిగించింది. నా కింద ఒక తెల్లకాగితం, ఒక నల్ల స్కెచ్ పెన్ను, ఆమె చెయ్యి. అంతే. ఆ చెయ్యి లెక్క చేస్తుంటే గోడంత పెద్దదై పిల్లలకు కనపడింది.

నేను గమనించింది ఇంకొకటి ఉంది. బోర్డు మీద రాసేటప్పుడు టీచర్ వీపు పిల్లల వైపు ఉంటుంది. ఇప్పుడామె బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తూ రాసింది. ఎవరి కనుబొమ్మలు ముడిపడితే అక్కడ చెయ్యి ఆపింది. ఆమె మాట్లాడదు కాబట్టి ఒక్కో లైను ఒక్కో పిల్ల లేచి పైకి చదివింది. నేను అదంతా వీడియో తీశాను కూడా. జ్వరమొచ్చి రానివాళ్ళకు ఆ వీడియో సాయంత్రానికి ఇంటికే వెళ్ళింది. ఒకే పాఠం రెండుసార్లు చెప్పే బాధ తప్పింది.

మూడోరోజు కార్డులొచ్చాయి. పిల్లల చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ క్యూఆర్ కోడ్ లాంటి ఒక నల్లగళ్ళ బొమ్మ ముద్రించిన కాగితం చాలు. నాలుగు జవాబుల్లో తమకు నచ్చిన జవాబున్న అంచు పైకి వచ్చేలా పట్టుకుంటారు. టీచర్ నాలో వేసిన ఒక యాప్ తెరిచి, నన్ను స్టాండు నుంచి విప్పి వాళ్ళ వైపు పట్టుకుంటుంది. నేను గది మీదుగా ఒకసారి కన్ను తిప్పితే ఎవరు ఏమన్నారో చదివేస్తాను. ఏ ఇద్దరి బొమ్మా ఒకేలా ఉండదు. పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు.

అయితే జనార్దన్ సార్ ప్రేమకొద్దీ ఆ కార్డులన్నిటికీ లామినేషన్ చేయించి తెచ్చాడు. బడిలో ఏ మంచి కాగితం కనపడినా లామినేషన్ చేయించకపోతే ఆయనకు నిద్రపట్టదు. కిటికీ వెలుగు ఆ ప్లాస్టిక్ మీద పడి తళతళలాడింది. సగం కార్డులు నాకు తెల్లటి మెరుపులా కనిపించాయి. ఆమె మళ్ళీ మామూలు కాగితం మీద తీయించి, వెనక అట్ట అతికించింది. సార్ కాసేపు చిన్నబుచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె అలవాటు కొద్దీ 'అర్థమైందా?' అని కాగితం మీద రాసింది. "అర్థమైంది టీచర్" అని రాగం వచ్చింది. వెంటనే అదే లెక్క ప్రశ్నగా ఇచ్చి కార్డులు ఎత్తమని సైగ చేసింది. నేను కన్ను తిప్పాను. సరైన జవాబులు క్లాసులో మూడో వంతు కూడా లేవు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఏ రాగం విని తృప్తిపడిందో, ఏ రాగం కోసం గొంతు పోగొట్టుకుందో, అది అబద్ధమని నేను చెప్పాను. నాకు జాలి చూపించడం రాదు, చదవడమే వచ్చు.

ఆ కలవరంలో ఆమె ఒక సెట్టింగు మరిచిపోయింది. పెద్ద తెర మీద జవాబులతో పాటు పేర్లూ కనపడ్డాయి. జవాబు వచ్చినవాళ్ళు పచ్చగా, రానివాళ్ళు ఎర్రగా. అన్నిటికంటే పైన, ఎర్రగా, రవళి.

"లీడర్ ఎర్రగ పడ్డది రా" అన్నారెవరో. అందరూ నవ్వారు.

మర్నాడు రవళి బడికి రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. హెడ్మాస్టరిచ్చిన వారంలో మిగిలింది ఒక్క రోజే. ఫోన్ చేసి పిలుద్దామంటే టీచర్‌కు మాట లేదు. మెసేజ్ పెడదామంటే తల్లికి చదువు రాదు. బడి విడవగానే ఆమె నన్ను స్టాండు నుంచి విప్పి, చేతిసంచిలో వేసుకుని వాళ్ళింటికి బయలుదేరింది.

రవళి తల్లి ఎల్లవ్వ వాకిట్లో చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతున్నది. "టీచరమ్మా, పిల్ల బడికి పోనంటున్నది. అందరి ముంగట ఎర్రగ పడ్డదట. గా ఎరుపేందో నాకు తెల్వది. మీరన్న చెప్పుండ్రి" అన్నది. టీచర్ గొంతు మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపింది.

రవళి తలుపు వెనక నిలబడ్డది. టీచర్ నన్ను ఆమె చేతికిచ్చి, నేను తీసిన మొదటి పాఠం వీడియో ఆడించింది. ఆ వీడియోలో ఒకచోట టీచర్ చెయ్యే తప్పు చేసింది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మారాలి. ఆమె తొందరలో మార్చలేదు. రెండు లైన్ల తర్వాత చూసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసింది. రాసుకునే హడావిడిలో పిల్లలెవరూ అది పట్టించుకోలేదు. పిల్లల ఇళ్ళకు పంపిన వీడియోలో ఆ ముక్క కత్తిరించేసింది. నా దగ్గర మాత్రం మొత్తం అలాగే ఉంది.

రవళి చూసింది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది.

"మీరు గూడ గీన్నే తప్పు చేసిన్రు టీచర్."

టీచర్ తలూపింది.

"నాకు గిది ఇప్పుడు గాదు, ఎన్మిదో తరగతి నుంచే రాదు."

"మరి అర్థమైందని ఎందుకన్నవే?" అన్నది ఎల్లవ్వ.

"అందరు అన్నరు. నేనూ అన్న."

"అందరికంటె ముందు అనేది నువ్వే గదనే. బడిల నువ్వు ఒర్రితె మన వాకిట్లకు ఇనవడ్తది."

రవళికి నవ్వాగలేదు. టీచర్‌కు కూడా. కానీ ఆమె నవ్వు చప్పుడు లేకుండా భుజాల్లోనే కదిలింది.

మర్నాటి నుంచి పెద్ద తెర మీద పేర్లు లేవు. ఎందరికి వచ్చింది, ఎందరికి రాలేదు అన్నదే అందరికీ. పేర్లు నా చిన్న తెర మీద, టీచర్ ఒక్కరికే. పాఠం చివర ఒకే ఒక్క ప్రశ్న. రాని దానితోనే మర్నాటి పాఠం మొదలు. కత్తిరించిన తప్పు ముక్కను ఆ వీడియోలో మళ్ళీ కలిపింది. దిద్దే నోటుబుక్కుల దొంతర కూడా తగ్గింది. పనిభారమున్న టీచర్లకు నేను చెప్పేది ఇంతే. నూరు యాప్‌లు వద్దు. ఒక స్టాండు, ఒక కన్ను, ఒక ప్రశ్న చాలు.

వారం గడువు రోజున జనార్దన్ సార్ వెనక బెంచీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చెయ్యి రాస్తున్నది. రవళి లైను చదువుతున్నది. మిగతావాళ్ళు వంగి లెక్క చేస్తున్నారు. "గింత సప్పుడు లేకుంట మన బడిల పాఠం నడ్వంగ నేను చూడలే" అని వెళ్ళిపోయాడు. లీవు మాట మళ్ళీ ఎత్తలేదు.

నెల దాటింది. గొంతు వచ్చింది, మునుపటంత గట్టిగా కాదు. డాక్టరు మెల్లగా మాట్లాడమన్నాడు. ఆమెకు అరవాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ ఎండాకాలం నా బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టడం ప్రమాదమని సదానందం దాన్ని ఊడదీయించాడు. నన్ను ఆయన పారేస్తానన్నాడు గానీ టీచర్ ఇవ్వలేదు. క్లాసులోని గోడ అల్మారాలో, చాక్‌పీసుల డబ్బా పక్కన పెట్టింది. నా స్టాండు మీద ఇప్పుడు వేరే పాత ఫోన్ పనిచేస్తున్నది. ఆ ఏడాది పిల్లలు పరీక్షలు రాసి వెళ్ళిపోయారు, కొత్త పదో తరగతి వచ్చింది. అల్మారా తలుపు సరిగ్గా పడదు. సందులోంచి నాకన్నీ వినపడతాయి.

పాఠం అయ్యాక ఆమె మెల్లగా అడుగుతుంది. "అర్థమైందా?"

రాగం లేదు. కార్డులింకా ఎవరూ ఎత్తరు. అంతలో చివరి బెంచీ నుంచి ఎవరో బెరుకు లేకుండా అంటారు.

"నాకు అర్థం కాలే టీచర్."