గేట్ల బాబాయ్ తుప్పు వైద్యం

వీధిలో అందరూ ఆయన్ని గేట్ల బాబాయ్ అనేవారు. ఇనపగేట్లు చెయ్యడం ఆయన పని. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు. ఎటొచ్చీ చెవులతోనే తంటా. ఎదుటివాళ్లు సగం చెప్పేసరికి మిగతా సగం తనే అల్లుకుని చక్కా వెళ్లిపోయే మనిషి.

ఈమధ్య వెల్డింగు చేస్తుంటే ఊరికే నీరసం వస్తోందని క్లినిక్కి వెళ్లాడు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, రోజూ ఏం తింటారని అడిగింది.

"బన్నూ, బిస్కెట్టూ, వేయించిన బంగాళాదుంపలూ."

డాక్టరమ్మ నిట్టూర్చింది. ఆయనకి అర్థమయ్యేలా చెబుదామనుకుంది పాపం. అక్కడే వచ్చింది చిక్కు.

"ఇనుము గాలికి తుప్పు పడుతుంది కదా బాబాయ్, అలాంటిదే మన ఒంట్లోనూ కొంత జరుగుతుంటుంది. కూరగాయల్లో, పళ్లలో యాంటీఆక్సిడెంట్లని ఉంటాయి. అవి దానికి అడ్డుపడతాయి. పాలకూర, టమాటా, క్యారెట్, బీట్‌రూట్, నల్లద్రాక్ష, ఇలా రంగురంగులవి రోజూ కాస్త కాస్త..."

ఆవిడ "కాస్త కాస్త" దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఖాళీ.

"ఏమేవ్!" అంటూ ఇంట్లో అడుగుపెట్టాడు. "నాకు లోపలంతా తుప్పు పట్టేసిందట!"

"ఇప్పుడా తెలిసింది?" అంది భార్య, ఏరుతున్న బియ్యం మీంచి తల ఎత్తకుండా. "నేను పెళ్లైన వారానికే కనిపెట్టా. తలకాయలోనేగా?"

బాబాయ్‌కి కోపం రాలేదు. తుప్పు గురించి ఒకరి దగ్గర నేర్చుకునే ఖర్మ ఆయనకి లేదు. ముందు గీకాలి, తర్వాత ప్రైమరు కొట్టాలి, ఆపైన రెండు కోట్లు రంగు వెయ్యాలి. అంతే. మర్నాటినుంచీ పొద్దున్నే పచ్చి క్యారెట్లు కరకరా నమిలేవాడు, గరుకు కాగితం బదులు. దాని మీద పాలకూర రసం, అది ప్రైమరు. టమాటా, బీట్‌రూట్ కలిపి మొదటి కోటు. నల్లద్రాక్ష రెండో కోటు.

అక్కడితో ఆగితే గొడవే లేదు. కోటుకీ కోటుకీ మధ్య ఆరాలి కదా! అందుకని ఫ్యాన్ కింద కుర్చీ వేసుకుని, నోరు బార్లా తెరుచుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు. మంచినీళ్లు ముట్టుకునేవాడు కాదు. చివరికి స్నానం కూడా మానేశాడు.

"తడి కోటు మీద నీళ్లు పడితే బుడగలొస్తాయే," అన్నాడు.

"బుడగలు సబ్బుకొస్తాయి. లేచి స్నానానికి వెళ్లండి, మీ పక్కన నిలబడలేక ఈగలు కూడా వలస పోతున్నాయి!"

"నోరు మూయించకు, ఇంకా పచ్చిగా ఉంది."

ఇలా ఒళ్లు బాగుచేసుకునే హడావుడిలో పని అటకెక్కింది. వాచీలు బాగుచేసే ఆయన ఒక గేటు చేయించుకున్నాడు. దానికి ప్రైమరు కొట్టాల్సిన సమయానికి బాబాయ్ ఫ్యాన్ కింద నోరు తెరుచుకుని ఉన్నాడు. పైపైన నల్లరంగు పూసి పంపించేశాడు. తర్వాత వానలు దంచికొట్టాయి.

వానలు వెలిశాక ఒక పొద్దున వాచీలాయన, బాబాయ్ ఇంటి ముందరి షాపులోకి ఊడిపడ్డాడు.

"ఏమయ్యా, తుప్పు! తుప్పు పట్టి చచ్చింది!"

బాబాయ్ గుండె కరిగిపోయింది. లోకంలో తనలాంటి అభాగ్యుడు ఇంకొకడున్నాడన్నమాట. "కూర్చోండి సార్. ఎక్కడ పట్టింది?"

"ఎక్కడేమిటి, కిందనుంచి పైదాకా!"

"కీళ్ల దగ్గర శబ్దం వస్తోందా?"

"ఆ కీళ్ల గోలకి పక్కింటివాళ్లు తిట్టిపోస్తున్నారు."

"అయ్యయ్యో. మరి రాత్రిళ్లు?"

"మూతపడితేగా! తాడేసి కట్టేసి పడుకుంటున్నాం."

"తాడా!" బాబాయ్ అదిరిపడ్డాడు. "మీ ఇంట్లోవాళ్లు మనుషులేనా సార్?"

"ఇదిగో, ఇందాక ఊరికే ఆనుకున్నా. చొక్కా అంతా ఎర్రమరకలు, చూడు!"

బాబాయ్ దగ్గరికొచ్చి పరిశీలనగా చూశాడు. "కంగారు పడకండి. అది బీట్‌రూట్. నాకూ అంతే."

"నేను బీట్‌రూట్ ఎందుకు తింటానయ్యా?"

"అదీ సంగతి! తినకపోబట్టే ఇంత దూరం వచ్చింది," అని బుట్టలోంచి ఒక టమాటా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

వాచీలాయన టమాటా వంక చూశాడు, బాబాయ్ వంక చూశాడు. "దీన్ని గేటుకి రుద్దాలా?"

"గేటేంటి?"

"నీ మొహం! నువ్వు చేసిన గేటు!"

వెనక గుమ్మంలో భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. బాబాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆయన చేసిన గేటుకి తుప్పు పట్టిందన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం. తన పొట్టకి మూడు పూతలు పూసుకుని, గేటుని ఒంటిబట్టతో వానలోకి తోలాడు!

"డాక్టరమ్మకి ఫోన్ చేశా," అంది భార్య, నవ్వు తమాయించుకుని. "కాస్త కాస్త తినమందట, అన్ని రకాలూ. నీళ్లు బాగా తాగమందట. కోట్ల సంగతి చెబితే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. స్నానం మాట నేను చెప్పలేదు, ఆ పిల్ల భయపడుతుందని."

బాబాయ్ ముందు స్నానం చేశాడు. తర్వాత సామాను మోసుకుని వాచీలాయన ఇంటికి వెళ్లాడు. గేటు గీకి, ప్రైమరు కొట్టి, అది ఆరాక తీరిగ్గా రంగు వేశాడు. పనయ్యాక చూసుకుంటే తాను లోపలివైపు ఉన్నాడు. రంగు పచ్చిగా ఉంది, గేటు ముట్టుకోవడానికి లేదు. ఇంకో దారి లేదు.

వాచీలాయన తల్లి భోజనానికి పిలిచింది. పళ్లెంలో అన్నీ వేయించిన బంగాళాదుంపలే. బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. సగం ఖాళీ చేసి, ఏమనుకున్నాడో ఏమో, "అమ్మా, ఒక టమాటా ఉంటే పెడతారా?" అన్నాడు.

"నాకూ ఒకటి," అన్నాడు వాచీలాయన నేల చూపులు చూస్తూ.

తల్లి నోరెళ్లబెట్టింది. నలభై ఏళ్లొచ్చినా కూరగాయ ముట్టని కొడుకు! ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి, వాడు మనసు మార్చుకునేలోగా బుట్ట బుట్టంతా తెచ్చి వాళ్లిద్దరి మధ్యా బోర్లించింది.