చోడిపిండి డబ్బా

క్రిస్మస్‌కి మూడు రోజులుందనగా కృపావతి కాఫీతోటలో కాలు జారి కుడిచెయ్యి బెణికించుకుంది. చెయ్యి బెణికింది అత్తగారికైతే, గుండె గుభేలుమంది కోడలు రాజకుమారికి. ఆ ఇంటి పరువంతా ఆ చేత్తో చేసే అరిసెల మీదే నిలబడి ఉంది మరి.

చింతపల్లికి పైన, జీపు మధ్యలో రెండుసార్లు ఆగితే గాని ఎక్కలేని కొండమీద ముప్పై గడపల ఊరు అది. క్రిస్మస్ పొద్దున ప్రతి ఇంటివాళ్లూ తాము చేసిన పిండివంటలు గంపల్లో పెట్టుకుని చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక ముందు ఒక్క గంప విప్పుతారు. దాన్ని మొదటి గంప అంటారు. ఆ ఇంటి పెద్దావిడ అరిసెను రెండుగా విరిచి, ఒక ముక్క పాస్టరు గారికిచ్చి, రెండోది తాను తింటుంది. ఆయన "స్తోత్రం" అన్నాకే మిగతా గంపలు తెరుచుకుంటాయి. అంతవరకూ ఊళ్లో ఎవరూ పండగ వంట నోట పెట్టరు. తీపి సరిపోయిందో లేదో చూడ్డానికి కూడా వీల్లేదు, దేవుడి భాగం ఎంగిలైపోతుంది.

ఇరవై రెండేళ్లుగా మొదటి గంప కృపావతిది. ఇరవై రెండేళ్లుగా రెండో గంప ఎదురింటి కనకది. కృపావతి చేతికి కట్టు కట్టిన గంటలోపే కనక పరామర్శకు వచ్చింది.

"సెయ్యి ఇలాగైపోనాది కదా వొదినా, పోనీ ఈ ఏడు మా బూరెల గంప ముందెట్టేద్దుమా?" అంది, ఎంతో బాధగా.

"బెణికింది నా సెయ్యి. నా కోడలి సెయ్యి బెణకలేదే!" అంది కృపావతి.

తలుపు వెనకాల ఉన్న ఆ కోడలు తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. రాజకుమారి ఆ ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. ముంచింగిపుట్టు దగ్గర పుట్టింట్లో క్రిస్మస్ అంటే గారెలు, కోడికూర. బెల్లం పాకం పట్టడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అరిసె చెడిందంటే ఇరవై రెండేళ్ల గంప వీధి దాటి ఎదురింటికి పోతుంది. ఆమెకు మనవలు పుట్టినా సరే, ఊరు ఆమెను అరిసెలు చెడగొట్టిన కోడలనే పిలుస్తుంది. దానికి తోడు ఆ చలికి ఆమెకు జలుబు పట్టుకుంది. ముక్కు రెండువైపులా దిబ్బడేసి, నోటితోనే ఊపిరి తీస్తోంది.

పండగ ముందురోజు పొద్దున్నే పొయ్యి దగ్గర కృపావతి పీట వేసుకుని కూర్చుంది. ఎడంచేత్తోనే సైన్యాన్ని నడిపింది. బియ్యం నానబెట్టి దంచిన తడిపిండి మూడు మానికలు సిద్ధంగా ఉంది. బెల్లం కుతకుత ఉడుకుతోంది. రాజకుమారి పాకం చుక్క నీళ్లలో వెయ్యడం, ఉండ కడుతుందో లేదో చూడ్డం, అది వేళ్లమధ్య జారిపోవడం, "ఇంకా అవలేదే గుంటా!" అని అత్తగారు అరవడం, ఇలా ఏడెనిమిదిసార్లు జరిగింది. సరిగ్గా ఉండ కట్టే వేళకి చర్చి దగ్గర్నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. సురేంద్ర అన్న నక్షత్రాన్ని తలకిందులుగా కట్టేశాడట.

"ఈడికి సదువు సెప్పించిన నన్ననాల!" అని కొడుకుని తిట్టుకుంటూ కృపావతి లేచింది. వాకిలి దాటుతూ వెనక్కి తిరిగి, "పాకం దింపీగానే పైగూట్లో డబ్బా తియ్యి. నాలుగు గుప్పిళ్లు చోడిపిండి ఎయ్యి. మరిసిపోకు. మన అరిసెకి పేరు దానివల్లే!" అని చెప్పి, కట్టిన చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయింది.

రోజూ అంబలికి వాడే చోడిపిండి, అంటే రాగిపిండి, కుండలో ఉంటుంది. పైగూట్లో డబ్బా సంగతి వేరు. గుడ్డలో జల్లించిన మెత్తటి పిండి పండగ అరిసెల కోసమే దాచే డబ్బా అది. ఏడాదికొక్కసారి దింపుతారు, కృపావతి తప్ప ఇంకెవరూ ముట్టరు. రాజకుమారి పీట మీద పీట వేసి ఎక్కి దాన్ని దింపింది. మూత తీసింది. గోధుమరంగు కాస్త ముదిరినట్టు అనిపించింది గాని, ఇంట్లో చీకటి, పొగ, పైగా పాకం ఆగదు. లెక్కపెట్టి నాలుగు గుప్పిళ్లు వేసింది. డబ్బా అడుగంటింది.

అరిసెలు నూనెలో పొంగుతున్నప్పుడు మామగారు సుక్రు అటుగా వెళ్తూ గుమ్మంలో ఆగిపోయాడు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏటి మామా?" అంది రాజకుమారి కంగారుగా. "మాడిపోతన్నాయా?"

"కాదమ్మా. నా ముక్కుకే పిచ్చెక్కినాది," అన్నాడు సుక్రు దిగులుగా, ముందుకెళ్లిపోయాడు.

పాపం, ఆయన దిగులుకి కారణముంది. మూడేళ్ల క్రితం దాకా ఆయన సంతకెళ్తే కాఫీ హోటలు బల్ల దిగేవాడు కాదు. కృపావతి ఆయన్ని చర్చిలో నిలబెట్టి, ఇక కాఫీ ముట్టనని పాస్టరు గారి ముందు ప్రమాణం చేయించింది. "మనం పండించీది అమ్ముకోడానికి, తాగి పేగులు కాల్చుకోడానికి కాదు" అనేది ఆవిడ సిద్ధాంతం. స్త్రీల కూడికలో దాని మీద అరగంట మాట్లాడగలదు.

క్రిస్మస్ పొద్దున చర్చి గుమ్మానికి పసుపుపచ్చని వలిసెపూల దండలు కట్టారు. నక్షత్రం తిన్నగానే ఉంది. రాజకుమారికి మాత్రం వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. 'ప్రభువా, మెత్తగా ఉండేటట్టు చూడు. రాయిలాగుంటే కనకత్త పళ్లికిలిస్తాది' అని ఒకటే ప్రార్థన.

నిన్న కృపావతి చర్చి నుంచి ఇల్లు చేరేసరికే మూతకట్టేసిన గంప ఇప్పుడు విప్పారు. అరిసెలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కృపావతి ఎడంచేత్తో ఒకటి తీసి విరిచింది. మెత్తగా విరిగింది. రాజకుమారి ప్రాణం సగం కుదుటపడింది. అనకాపల్లి నుంచి వచ్చిన పాస్టరు గారు ముక్క నోట్లో వేసుకున్నారు. ఆయన దవడ ఆగిపోయింది. కనుబొమలు పైకి లేచాయి. స్తోత్రం రాలేదు.

కనక మెడ సారస పక్షిలా సాగింది. రాజకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు కృపావతి తన ముక్క కొరికింది. ఒక్కసారి నమిలింది. కళ్లు ఇంతింతలు చేసుకుని, పీఠం ముందు, ఊరందరి ముందు, దేవుడి ముందు గావుకేక పెట్టింది.

"ఓలమ్మో! నా కాఫీపొడి!"

ఆ మాట నోటినుంచి వచ్చేశాక ఎడంచేత్తో నోరు మూసుకుంది గాని ఏం లాభం!

"నీ కాఫీపొడా?" అంటూ ముసలి సుక్రు మగవాళ్ల వరసలోంచి మెల్లగా లేచాడు. "నీదా?"

దాచడానికి దారి లేకపోయింది. సంక్రాంతి పోయాక చింతపల్లిలో కాఫీ రైతుల మీటింగులో మర్యాదకి ఒక గ్లాసు తాగిందట. అంతే. వాళ్లిచ్చిన పొట్లం తెచ్చుకుని, మొగుడు పొలానికి, కోడలు నీళ్లకి వెళ్లాక రోజుకో చెంచా కాచుకుంటోంది. అయిపోతే మళ్లీ తెప్పించుకుంటోంది. ఎవరూ ముట్టని డబ్బా అని చోడిపిండి డబ్బాలో పోసింది. పండగలోపు తీసేసి, మూటలో ఉన్న కొత్త పిండి పోద్దామనుకుంది. చెయ్యి బెణికిన కంగారులో అదే మరిచిపోయింది.

"కోడలికి బుద్ధి సెప్పి అత్త తెడ్డు నాకినాదట!" అంది కనక, ఇరవై రెండేళ్ల ఆనందం ఒక్కసారి అనుభవిస్తూ. చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. కృపావతి ఆపుకోలేక తనూ నవ్వేసింది. నవ్వుకి చెయ్యి కదిలి "అమ్మో" అని, మళ్లీ నవ్వింది.

"మరి అరిసె ఎలాగుందో సెప్పండయ్యా!" అంది రాజకుమారి పాస్టరు గారితో, ఏడుపుగొంతుతో.

పాస్టరు గారు అప్పటికి రెండో అరిసె పూర్తి చేస్తున్నారు. నోరు ఖాళీ అయ్యాక, "స్తోత్రం!" అని కప్పు ఎగిరిపోయేలా అన్నారు. "నన్ను ఈ కొండ మీదికి వేసిన ఐదేళ్లలో ఇంత మంచి కాఫీ నాకెవరూ ఇవ్వలేదమ్మా!"

ఇంకేముంది! గంప మీద జనం విరుచుకుపడ్డారు. తలా నాలుగు తిన్న పిల్లలు చర్చి చుట్టూ గిరగిరా తిరిగారు. ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులేసుకుని థింసా ఆట మొదలుపెట్టారు. కనక తన బూరెల గంప వదిలేసి, రాజకుమారి పక్కన చేరి, "ఎన్ని గుప్పిళ్లేసినావే?" అని చెవిలో అడిగింది.

"అది ఇంటి గుట్టు అత్తా," అంది రాజకుమారి.

ఆ మాట విన్న కృపావతి అందరికీ వినబడేలా ప్రకటించింది. "వొచ్చే ఏడు నా సెయ్యి బాగైపోయినా సరే, మొదటి గంప ఈ గుంటదే. నాకంటే బాగా సేసినాది." ఎనిమిది నెలల్లో ఆ నోటినుంచి రాజకుమారి విన్న మొదటి పొగడ్త అది. ఆమెకు మళ్లీ కళ్లనీళ్లొచ్చాయి, ఈసారి ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

పాస్టరు గారు సుక్రు ప్రమాణాన్ని అక్కడికక్కడే రద్దు చేశారు. సుక్రు అందరికంటే ముందు ఇంటికి పరిగెత్తి గూట్లోంచి డబ్బా దింపాడు. అడుగున వేలికంటేంత కూడా పొడి లేదు. ఆయన ముఖం చూస్తే రాతికైనా జాలేసేది.

"ఊరంతా కాఫీతోటలే, గ్లాసు కాఫీకి ముఖం వాచిపోతావేటి?" అంది కృపావతి. కళ్లంలో ఎండిన గింజలు దోసెడు తెప్పించింది. సురేంద్ర పొట్టు తీశాడు, రాజకుమారి పెనం మీద వేయించింది, సుక్రు పండగ పంచె ఎగ్గట్టి రోట్లో దంచాడు. పొయ్యి మీంచి దింపాక కృపావతి ఎడంచేత్తోనే మొదటి గ్లాసు ఎత్తింది. మొగుడు చెయ్యి చాపాడు. ఆమె దాన్ని ఆయన్ని దాటించి కోడలికి అందించింది.

వేడి ఆవిరి ముఖానికి తగిలి, జలుబుతో దిబ్బడేసిన రాజకుమారి ముక్కు ఒక్కసారి విడిచింది. గ్లాసు మీదికి వంగి వాసన చూసి, నిర్ఘాంతపోయింది.

"ఓలమ్మో! నిన్న నాను కలిపినాది ఇదా!"