ఫోటోల కింద బకెట్లు

రోజూ పొద్దున ఎనిమిది కాకముందే అక్క సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర నేలంతా పొడిగుడ్డతో తుడిచేది. ఎక్కడా తడి మిగలకూడదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో, తనది కానిది ఎవరు పట్టుకెళ్ళినా దాన్నుంచి నీళ్ళు కారేవి మరి. సబ్బుబిళ్ళయితే నాలుగు చుక్కలు, పాలడబ్బా అయితే సన్నటి ధార. వానాకాలం వస్తే గొడుగుల తడేదో దొంగసొత్తు తడేదో తెలిసి చావట్లేదని మేనేజరు విసుక్కునేవాడు తప్ప, అందులో వింతేముందని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

తుడవడం అయ్యాక స్టూలు మీద కూర్చుని సాయంత్రందాకా నేల చూడటమే అక్క ఉద్యోగం. కళ్ళుంటే చాలు ఆ పనికి. అక్కకి కళ్ళతోపాటు క్రిమినాలజీ డిగ్రీ కూడా ఉంది. మనుషులు నేరాలు ఎందుకు చేస్తారో మూడేళ్ళపాటు పేజీలకు పేజీలు రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. జీతం పద్దెనిమిది వేలు. చదువు కోసం చేసిన అప్పుకి నెలకి పదకొండు వేల వాయిదా. ఇంకా తొమ్మిదేళ్ళు కట్టాలి. క్యాషియర్లు ఆమెను సరదాకి "ఆఫీసరమ్మా" అని పిలిచేవాళ్ళు.

ఉద్యోగంలో చేరిన ఏడాది కాలేజీ నుంచి ఫోనొచ్చింది.

"ఉద్యోగం చేస్తున్నారా?"

"చేస్తున్నానండీ."

"హోదా?"

క్యాషియర్లు పిలిచే పేరే అక్క నోటికొచ్చింది. "ఆఫీసరు" అంది. ఏ ఆఫీసరని అడిగితే, "నిఘా" అనేసింది. అమ్మకీ అదే చెప్పింది. అమ్మ వేరే ఊళ్ళో లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. మా పెద్దది నిఘా ఆఫీసరని చేతికొచ్చిన ప్రతి చొక్కాకీ చెప్పుకునేది.

అక్క తర్వాత చెల్లి ఒక్కతే. దాని స్కూలు చదువు అయిపోగానే, "నేనూ అక్క చదివిందే చదువుతా" అంది. అప్పుకి హామీ సంతకం తను పెడతానంది అమ్మ.

"వేరే ఏదన్నా చదివించకూడదూ?" అని ఫోన్లో నసిగింది అక్క.

"నువ్వొక్కదానివే బాగుపడాలా? అది బాగుపడొద్దా?" అంది అమ్మ. అక్క ఫోను పెట్టేసింది.

సంతకాల రోజు అమ్మ, అక్క, చెల్లి ముగ్గురూ కాలేజీకి వెళ్ళారు. బ్యాంకు వాళ్ళ కౌంటరు వరండా చివర. వరండా గోడ పొడుగునా నల్లగౌన్లు వేసుకున్న పాత విద్యార్థుల ఫోటోలు, ప్రతి ఫోటో కిందా ఒక బకెట్టు. ఫ్రేముల అంచుల నుంచి నీళ్ళు టపటపా కారుతున్నాయి. ఆయా ఒకావిడ నిండిన బకెట్టు తీసి ఖాళీది పెడుతోంది.

"అక్కా, నువ్వు!" అని అరిచింది చెల్లి.

నిజమే. ఫోటో కింద "నిఘా అధికారి. రేపు ఈ చోటు మీదే" అని రాసుంది.

ఆయా నడుం పట్టుకుని లేచి చూసింది. "మీరేనా తల్లీ? అందరివీ రోజుకో బకెట్టు. మీదానికి రెండు పెట్టినా చాలట్లేదు" అంది. ఆమె మాటలో ఎత్తిపొడుపేం లేదు.

చెల్లి ఫోటో చూసింది, బకెట్టు చూసింది. "ఇది నువ్వు కాదా అక్కా?"

"ఫోటో నాదే. ఆ హోదా నాది కాదు."

"మరి నువ్వు చేసేది?"

"సూపర్‌మార్కెట్లో నేల చూస్తాను. ఎవరైనా ఏదైనా ఎత్తుకెళ్తే చుక్కలు పడతాయిగా, అవి."

అమ్మ గోడవార బెంచీ మీద కూలబడింది.

చెల్లి అప్పు దరఖాస్తు వెనక్కి తిప్పి పెన్ను తీసింది. "జీతమెంత? నిజం చెప్పు."

అక్క చెప్పింది. చెల్లి రాసుకుంది. "పద్దెనిమిదిలో పదకొండు పోతే ఏడు. గదికి?"

"నాలుగు."

"మూడు వేలతో నెలంతా తింటున్నావా?"

"షాపులో మిగిలిన బ్రెడ్డు ఇస్తారులే."

"ఈ చదువు లేకపోతే ఆ ఉద్యోగం ఇవ్వరా?"

"వెనక గుమ్మం దగ్గర కూర్చునే పెద్దాయన ఎనిమిదో తరగతి తప్పాడు. ఆయనకీ ఇంతే జీతం."

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"అమ్మ ప్రతి చొక్కాకీ చెప్పుకుంటోంది కదే" అంది అక్క, నేల చూస్తూ.

కౌంటరులోంచి చెల్లి నంబరు పిలిచారు. చెల్లి కదల్లేదు. రెండోసారీ పిలిచి, తర్వాతి నంబరు పిలిచారు. ఒక తండ్రీ కూతురూ లేచి, చెప్పులు తడవకుండా బకెట్ల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళారు.

మర్నాటి నుంచి చెల్లి అమ్మతోపాటు లాండ్రీకి వెళ్ళింది. అమ్మ రెండు నెలలు పెద్దకూతురితో మాట్లాడలేదు. ఇస్త్రీబల్ల దగ్గర కూడా ఎవరి గురించీ ఏమీ చెప్పలేదట.

మూడో నెల ఒక మధ్యాహ్నం చెల్లి సూపర్‌మార్కెట్‌కి వచ్చి అక్క ఒళ్ళో కవరు పెట్టింది. నాలుగు వేలు.

"వాయిదాతో కలిపి కట్టెయ్. నెలనెలా ఇలా కడితే ఆరేళ్ళలో తీరిపోతుందట. బ్యాంకులో అడిగాను."

"నీ డబ్బు నాకెందుకే?"

"సంతకం పెట్టుంటే నాకూ ఇంత అప్పు ఉండేది. అందులో కొంతన్నా కట్టనీ."

చెల్లి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె అంచు కాల్చిన మచ్చ ఉంది, ఇంకా పచ్చిగానే. అక్క దానివంక చూసి ముఖం తిప్పుకుంది. కవరు తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది?