అది నొప్పే

కత్తిని తోలుపట్టీ మీద అటు ఏడుసార్లు, ఇటు ఏడుసార్లు లాగి, పదును బొటనవేలి గోటి మీద చూసుకుని, అప్పుడుగానీ నిదానం గడ్డం దగ్గరికి రాడు. కుర్చీలో ఉన్నాయన ఉద్యోగం విరమించిన బస్సు డ్రైవరు. పొద్దున్నే ఆరింటికి ఇక్కడ గడ్డం గీయించుకోనిదే ఆయనకు తెల్లవారినట్టు ఉండదు. నిదానం బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి తుంటిని కుర్చీ చేతికి ఆనించి, చెవి కింద నుంచి మొదలుపెట్టాడు.

నిదానం అనేది అసలు పేరు కాదు. పక్క కుర్చీలో బావమరిది ఐదు నిమిషాల్లో ముగించే గడ్డానికి ఈయన పావుగంట తీసుకుంటాడు. కుర్చీలోని మనిషి కనురెప్ప కదిలితే చాలు, కత్తి ఆగిపోతుంది. "మండుతోందా?" అని అడుగుతాడు. లేదన్నా నమ్మడు. మళ్లీ నురగ రాసి మళ్లీ మొదలుపెడతాడు. ఈ చాదస్తం పడలేక కొందరు బావమరిది కుర్చీకి మారిపోయారు. ఉన్నవాళ్లు మాత్రం ఈయన్ని వదిలి కదలరు.

"ఇవాళైనా వెళ్తావా, మళ్లీ ఎగ్గొడతావా?" అన్నాడు డ్రైవరు.

"వెళ్తానండీ. మాట్లాడకండి, మూతి దగ్గరున్నాను."

రెండుసార్లు ఎగ్గొట్టిన మాట నిజం. మొదటిసారి జ్వరమన్నాడు; ఒళ్లు వెచ్చగా కూడా లేదు. రెండోసారి బావమరిదికి బాగాలేదు, సెలూన్ చూసేవాళ్లు లేరన్నాడు. ఆ బావమరిది ఆ సాయంత్రమే గుండ్రాయిలా నడిచివచ్చి అక్కని పలకరించి పోయాడు. అక్కంటే నిదానం ఇంటావిడే. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కుడి తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాల్సిందేనని డాక్టరు చెప్పి ఏడాదిన్నర దాటింది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ కాలి మీదే ఒరిగి నిలబడ్డ ఫలితం. మెట్లెక్కలేడు, మేజోళ్లు తొడుక్కోలేడు, పడుకుని అటు ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. ఆపరేషనంటే భయమా అంటే, కాదు. కోతలూ కుట్లూ ఆయనకు లెక్కలేదు. ఆయన భయమంతా మత్తు గురించి.

ఇరవయ్యో ఏట హెర్నియా ఆపరేషనుకి నడుములో సూది వేశారు. కోత పెట్టగానే ఆయనకు తెలిసిపోయింది. తెలుస్తోందని అరిచాడు. ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరు, "అది నొప్పి కాదు బాబూ, భయం" అన్నాడు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. ముప్పావుగంట పట్టింది. ఆ నొప్పి ఎలా ఉండేదో మర్చిపోయాడు గానీ ఆ మాట మాత్రం మర్చిపోలేదు. ఇంటావిడకు కూడా ఇది చెప్పలేదు, ఆవిడా అదే మాట అంటుందేమోనని.

డ్రైవరు అద్దంలో గడ్డం నిమురుకుని లేచాడు. "వెళ్లిరా. నువ్వొచ్చేదాకా గడ్డం పెంచుకుంటాను."

"మరి నేనెందుకున్నాను బాబాయ్?" అన్నాడు బావమరిది.

"తల వెంట్రుకలకి" అన్నాడాయన. ఆయన తల మీద ఒక్కటి లేదు.

ఎనిమిదింటికల్లా ఇంటావిడ ఆయన్ని ఆసుపత్రి మంచం మీద కూర్చోబెట్టింది. ఈసారి గుమ్మం దాటి పారిపోకుండా చెప్పులు కూడా తీసి తన సంచిలో పెట్టేసుకుంది. కడుపులో రాత్రి నుంచి ఏమీ లేదు, నాలుక పిడచకట్టింది. కాసేపటికి నర్సు ఒక చిన్న మెషిన్ పట్టుకుని వచ్చింది, కోత పెట్టేచోట వెంట్రుకలు కత్తిరించడానికి. దుప్పటి తొలగించి, అలాగే నిలబడిపోయింది. నడుము నుంచి మోకాలిదాకా ఒక్క వెంట్రుక లేదు.

"ఇదేంటి? ఎవరు గీశారు?"

"నేనేనమ్మా. మీకెందుకు శ్రమ అని" అన్నాడు నిదానం, కాస్త గర్వంగానే. నిన్న సాయంత్రం సెలూన్ మూశాక, ముందద్దానికీ వెనకద్దానికీ మధ్య నిలబడి, గంటసేపు కష్టపడ్డాడు. ఈ ఒంటి మీద కత్తి పెట్టాల్సి వస్తే పరాయి చేతికి ఇవ్వడం ఆయనకు నచ్చలేదు.

నర్సు ముఖం మాడిపోయింది. "ఆసుపత్రి సబ్బుతో స్నానం చెయ్యమన్నాంగానీ గడ్డం కత్తి పెట్టమన్నామా? కంటికి కనబడని గాటు పడ్డా చాలు, అందులోంచి చీము పడుతుంది. కొత్త కీలు పాడైపోతుంది. గాటుంటే ఈ రోజు చెయ్యరు, మూడు వారాలు వాయిదా."

ఇంటావిడ తల పట్టుకుంది. నిదానం మాత్రం చెప్పులున్న సంచి వైపు చూశాడు. మూడు వారాలు. ఈసారి అబద్ధం చెప్పక్కర్లేదు, ఎవరూ తిట్టడానికి లేదు, చెప్పులు తొడుక్కుని దర్జాగా ఇంటికి పోవచ్చు. కీళ్ల డాక్టరు వచ్చి, దీపం దగ్గరికి లాగి, భూతద్దంతో తుంటి మీది చర్మాన్ని అంగుళం అంగుళం చూస్తూ ఉంటే, ముప్ఫై ఎనిమిదేళ్లలో మొదటిసారి తన చేయి ఎక్కడైనా తొట్రుపడి ఉంటే బాగుండునని ఆయన కోరుకున్నాడు.

"గాటు కాదు కదా, గీత కూడా లేదు" అన్నాడు డాక్టరు. "మా దగ్గర ఉద్యోగం చేస్తారా?"

అందరూ నవ్వారు. తన పనితనమే తనను పట్టించిందని నిదానానికి అర్థమై, ఆయనా ఒక వెర్రినవ్వు నవ్వాడు. డాక్టరు అటు వెళ్లగానే చేతులు వణకడం మొదలైంది. కత్తి పట్టే చేతులు వణకడం ఇంటావిడ ఎప్పుడూ చూడలేదు.

అదే సమయానికి మత్తు డాక్టరు వచ్చింది. జుట్టు సగం నెరిసిన మనిషి, హడావుడి లేదు. స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుంది. "ఇప్పుడు నొప్పి పదికి ఎంత?"

"పర్లేదండీ."

"ఆయన పర్లేదంటే ఎనిమిదని రాసుకోండి" అంది ఇంటావిడ.

మత్తు డాక్టరు నవ్వి, నిజంగానే ఎనిమిది రాసుకుంది. ఆ తర్వాత ఆయన చేతుల వైపు చూసింది. "ఇంతకుముందు ఎప్పుడైనా నడుములో సూది వేశారా?" అని మామూలుగా అడిగింది. నిదానం గోడ వైపు చూశాడు. ఇంటావిడ పక్కనే ఉందని కూడా చూసుకోకుండా మొత్తం చెప్పేశాడు, కోత తెలిసిన సంగతి, అరిచిన సంగతి, నలుగురు పట్టుకున్న సంగతి. చివరికి ఆ మాట కూడా చెప్పాడు.

మత్తు డాక్టరు కలం పక్కన పెట్టింది. "అది నొప్పే" అంది. "మందు సరిగా ఎక్కలేదు. ఒక్కోసారి ఎక్కదు. మీరు చెప్పింది నిజం, వాళ్లు వినలేదు." ఏం చేయబోతున్నదీ వివరించింది. సూది వేశాక చల్లటి మందు చల్లి చూస్తుంది. తెలియడం లేదని ఆయన చెప్పేదాకా కత్తి ముట్టుకోరు. ఎంతకీ ఎక్కకపోతే పూర్తిగా నిద్రపుచ్చుతుంది. ఆపరేషనయ్యాక కూడా నొప్పి ముదిరేదాకా ఓర్చుకోకూడదు, మొదలవుతుండగానే చెప్పాలి. "మొహమాటపడితే నాకు తెలీదు. మీరు చెబితేనే తెలుస్తుంది."

నిదానం తలూపాడు. ఇంటావిడ ఆయన చేయి పట్టుకుంది.

లోపల చలిగా ఉంది. ముందుకు వంగి కూర్చోబెట్టి సూది వేశారు. చీమ కుట్టినట్టయింది, అంతే. కాళ్లలోకి వెచ్చగా దిగింది. పడుకోబెట్టాక మత్తు డాక్టరు ముందు భుజం మీద చల్లి చూపించింది, చల్లదనం ఎలా ఉంటుందో. ఎడమ తొడ మీద చల్లింది, తెలియలేదు. కుడి తుంటి దగ్గర చల్లింది.

తెలిసింది. సన్నగా, కానీ తెలిసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. పచ్చబట్టల్లో ఆరుగురున్నారు, అందరూ సిద్ధంగా ఉన్నారు. తన ఒక్కడి కోసం వీళ్లు ఆగుతారా అనిపించింది. అయినా అన్నాడు, "కొంచెం తెలుస్తోందండీ."

"ఆగుదాం" అంది మత్తు డాక్టరు.

కీళ్ల డాక్టరు చేతులు కట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరూ విసుక్కోలేదు. ఎవరూ వాచీ చూసుకోలేదు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చల్లింది. ఇంకా తెలుస్తోందన్నాడు, ఈసారి గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. "సరే, ఇంకా ఆగుదాం" అంది. మూడోసారి చల్లినప్పుడు ఏమీ లేదు.

"నిజంగానా?"

"నిజంగానేనండీ."

ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నొప్పా అని మత్తు డాక్టరు వంగి అడిగింది. కాదన్నాడు. నలభై ఏళ్లుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది, అది వెళ్లిన సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. కొద్దిసేపటికి నిద్రమందు అవసరం లేకుండానే ఆయన కన్నంటుకుంది. గురక కూడా పెట్టాడని తర్వాత నర్సు వార్డంతా చెప్పింది.

సాయంత్రం ఇద్దరు పట్టుకుని మంచం పక్కన నిలబెట్టారు. నాలుగడుగులు వేశాడు. కోత సలుపుతోంది గానీ ఆ పాత పోటు, లోపల ఎముకని ఎముక నూరే పోటు, లేదు. దానికోసం అటూ ఇటూ ఒరిగి వెతికాడు. ఎక్కడా దొరకలేదు.

"పదికి ఎంత?" అంది నర్సు.

"మూడు" అన్నాడు. కాస్త ఆలోచించుకుని, "కాదమ్మా, ఐదు" అన్నాడు. నర్సు మారుమాట లేకుండా మందు తేవడానికి వెళ్లింది. ఆ చిన్న సంగతికే ఆయనకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

మందు వేసుకుని ఆయన మళ్లీ పడుకున్నాక కీళ్ల డాక్టరు వచ్చి, చూస్తారా అంటూ ఒక స్టీలు పళ్లెం బల్ల మీద పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. తీసేసిన ఎముక. పెద్ద నిమ్మకాయంత ఉంది. ఇంటావిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత అరిగేదాకా పర్లేదు పర్లేదంటూ నిలబడ్డారా?"

"చెబితే నమ్ముతావో లేదోనని."

"నమ్మేదాన్ని" అంది.

మందు పనిచేసినట్టుంది, ఆయన అప్పటికే నిద్రపోయాడు, కుడివైపుకి కొద్దిగా ఒరిగి. ఆవిడ దుప్పటి సర్ది, పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఎముక అంచులంతా గరుకుగా, గడ్డలు కట్టి ఉంది. నడుమ మాత్రం రూపాయి బిళ్లంత మేర అరిగి అరిగి నున్నగా, పైనున్న దీపం అందులో కనిపించేంత నున్నగా ఉంది.